ఏ గడిలోది ఆ గడిలో

మన గ్రంథాలయం అమృతోత్సవ సంచికకు సంస్థ చరిత్ర రాసిపెట్టమని కార్యవర్గం అడిగినప్పుడు, ముందుగా బీరువా అడుగు అరలోని మినిట్స్ పుస్తకాలన్నీ బయటికి తీశాను. స్థలం రాసిచ్చిన దాత, మొదట పెంకుల కప్పు వేయించిన కరణంగారు, తరవాత డాబా పోయించిన రైసుమిల్లు యజమాని, ఏటేటా మారిన అధ్యక్షులు, కార్యదర్శులు అందరూ ఉన్నారు. ఈ గదిలో అందరికన్నా ఎక్కువ పొద్దులు గడిపిన ఒకాయన మాత్రం మూడంటే మూడు చోట్ల తగిలారు. ఒకచోట, కరపత్రాల అచ్చుకూలి ఆయన వద్దన్నందున ఆ సొమ్ము పుస్తకాలకు వాడాలని. ఇంకోచోట, తుఫానులో తడిసిన పుస్తకాలను బాగుచేసినందుకు కృతజ్ఞతలని. మూడోచోట, కార్యవర్గంలో ఉండనన్నారు గనుక ఆయన బదులు వేరొకరిని తీసుకున్నామని.

ఇది నాలుగోది. అయినా ఇందులోనూ ఆయన పేరు వేయడం లేదు. దానికో కారణం ఉంది.

మన రజతోత్సవ సంచిక తెనాలిలో అచ్చయింది. అందులో ప్రతి అక్షరం కూర్చింది ఆయనే. చివరి పేజీలో ఆయనకు కృతజ్ఞతలు చెబుతూ సంపాదకుడు రెండు వాక్యాలు రాసి పంపారు. ప్రూఫులో ఉన్న ఆ రెండు వాక్యాలు అచ్చులో లేవు. ఇదేమిటని అడిగితే "చోటు చాల్లేదండీ" అన్నారట. ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. అడుగున నాలుగు వేళ్ళ మేర తెల్లకాగితం.

కాలువ మీద వచ్చిన పుస్తకాలు

మన గ్రంథాలయం ఉన్నట్టుండి ఊడిపడింది కాదు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914 ఏప్రిల్‌లో అక్కడే చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూరా రాజేసిన ఆ ఉత్సాహం డెల్టా పల్లెలకు పాకింది. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో పెదవడ్లపూడికీ కొల్లూరుకీ నడుమ కాలువ మీద పుస్తకాల పడవ తిరిగింది.

ఆ పడవను నేను పేరు వేయనన్న ఆయన, మా బాబాయిగారు, చూశారు. మాకు చుట్టరికం లేదు. మా నాన్న ఆయన్ని "తమ్ముడూ" అని పిలిచేవారు, అందుకని నాకు బాబాయి. ఆయన అమ్మమ్మగారి ఊరు కొల్లూరు. నాలుగైదేళ్ళ పిల్లాడిగా రేవులో నిలబడి చూసిన సంగతి లీలగా గుర్తుండేది. "పడవంటే వడ్లో కొబ్బరికాయలో దింపుతారనుకున్నా. పుస్తకాలు దింపుతున్నారు. ఇయ్యెవరు తింటారే అని మా అమ్మమ్మనడిగా" అని చెప్పి తనే నవ్వేవారు.

ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. తెనాలిలో ఒక ప్రెస్సులో కుర్రాడిగా చేరారు. చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావుల ఊరది. కథల మీదా నాటకాల మీదా కాఫీ హోటళ్ళలో తగువులు పడే ఊరు. మొదటి రెండేళ్ళూ ఊడవడం, టైపు కడగడం, టీలు మోయడం. ఆ తరవాతే అక్షరాలు పేర్చే స్టిక్కు చేతికిచ్చారు. పొద్దున రేపల్లె వైపు నుంచి వచ్చే బండిలో తెనాలికి, సాయంత్రం మళ్ళీ అదే దారిన ఇంటికి. అట్లా నలభై ఏళ్ళు దాటాయి.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, ఒక పెంకుటింటి అరుగు మీద, ఒక చెక్కబీరువాతోనూ రెండు దినపత్రికలతోనూ మన గ్రంథాలయం మొదలైంది. ప్రారంభోత్సవం కరపత్రం ఆయన కూర్చిందే. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కట్టడం అలవాటైంది. శాఖా గ్రంథాలయాలు వెలిశాయి. మనది మాత్రం చందాల మీద, విరాళాల మీద నడిచే ఊరి సొంత గ్రంథాలయంగానే మిగిలింది. అందువల్ల జీతం తీసుకొనే లైబ్రేరియన్ మనకు ఏనాడూ లేడు. సాయంత్రం బండి దిగి, ఇంటికన్నా ముందు ఇక్కడికొచ్చి లాంతరు వెలిగించే మనిషి ఉన్నాడు.

శ్రీలు కరువయ్యే మాఘమాసం

ఇవాళ్టి పిల్లలకు కంపోజింగ్ అంటే కీబోర్డు. అప్పుడది నిలబడి చేసే పని. ఎదురుగా ఏటవాలుగా కేసులు, అంటే గళ్ళు గళ్ళుగా కొట్టిన చెక్క సొరుగులు. గడికో అక్షరం. ఇంగ్లీషుకు రెండు కేసులతో గడిచిపోతుంది. తెలుగుకు గుణింతాలూ ఒత్తులూ కలుపుకొని కొన్ని వందల రకాల ముక్కలు కావాలి. అందుకని తెలుగు కంపోజిటర్‌కు చుట్టూ కేసులే. ఎడమచేతిలో స్టిక్కు పట్టుకొని, కుడిచేత్తో ఒక్కో అక్షరం ఏరి, తలకిందులుగా నిలబెట్టి, ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోవాలి. పంక్తి కదలకుండా మధ్యమధ్య స్పేసులు దూర్చాలి. పేజీ అయ్యాక దారంతో చుట్టి గ్యాలీ అనే పళ్ళెంలోకి దించాలి. ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, ఇనప చట్రంలో బిగించి ట్రెడిల్ అచ్చుయంత్రానికి ఎక్కించాలి.

అచ్చు పడగానే పని అయిపోయిందని మనమనుకుంటాం. బాబాయిగారి లెక్కలో అప్పటికి సగమే అయింది. సిరా పట్టిన టైపును కిరసనాయిలుతో కడగాలి. దారం విప్పాలి. ఒక్కో పంక్తీ చేతిలోకి తీసుకొని, ఒక్కో ముక్కా దాని గడిలోకి తిరిగి వేయాలి. దాన్ని ప్రెస్సుల్లో డిస్ట్రిబ్యూషన్ అనేవారు. కూలి తక్కువ, విసుగు ఎక్కువ. కుర్రాళ్ళ మీదికి నెట్టేసే పని. ఆయన మాత్రం తను కూర్చిన పేజీ తనే విప్పేవారు.

"కంపోజ్ చేసేవాడి కన్ను కాపీ మీదుంటది, చెయ్యి గడిని నమ్ముకొని పోద్ది" అనేవారు. "నిన్న విప్పినవాడు 'ప' గడిలో 'వ' పడేశాడనుకో. తప్పు చేసింది వాడు. మాటపడేది ఇవాళ కూర్చినవాడు."

మాఘ, ఫాల్గుణాలు వచ్చాయంటే ప్రెస్సులో కరువు మొదలయ్యేది. కాగితానికి కాదు, 'శ్రీ'లకు. ఒక్కో శుభలేఖకు పదీ పన్నెండు 'శ్రీ'లు కావాలి. దానికి తోడు 'చి॥'లు. ప్రెస్సులో ఉన్నవన్నీ కలిపినా నాలుగైదు పెళ్ళిళ్ళకు మించి చాలవు. "ఒక పెళ్ళి విప్పితేగాని ఇంకో పెళ్ళి కట్టడానికి శ్రీలుండేవి కావురా" అని ఆయన చెబుతుంటే మేం పగలబడి నవ్వేవాళ్ళం. ఇందులో ఆయన బతుకు పద్ధతంతా ఉందని చాలా ఏళ్ళకు గాని తట్టలేదు నాకు. మనం వాడుకున్నది తిరిగి దాని చోట పెట్టకపోతే, ఎక్కడో ఎవరి ఇంట్లోనో పెళ్ళి ఆగుతుంది.

శుభలేఖ చేతికి రాగానే ముందు చూసేది పేర్లు కాదు. తేదీకీ వారానికీ పొత్తు కుదిరిందా, వారానికీ తిథికీ కుదిరిందా అని గోడకున్న పంచాంగంతో సరిచూసేవారు. మన ఊళ్ళోనే ఒక ఇంట బుధవారానికి బదులు గురువారం పడబోయి ఆయన చేతిలో ఆగింది. ఆ పెళ్ళికి ముందు తాంబూలం ఆయనకే ఇచ్చారని మా అమ్మ చెప్పేది.

సన్నికల్లు బరువు

1977 నవంబరు 19, శనివారం. దివిసీమను ఉప్పెన ముంచిన రోజు. వేల ప్రాణాలు పోయాయి. మన ఊరిదాకా సముద్రం రాలేదు గాని గాలి వచ్చింది. గ్రంథాలయం పెంకులు లేచిపోయాయి. రాత్రంతా వాన బీరువాల మీదే కురిసింది.

నాకప్పుడు పన్నెండేళ్ళు. రెండు రోజుల తరవాత ఎండ రాగానే పిల్లలమంతా చేరి, తడిసిన పుస్తకాలను ఎత్తుకొచ్చి వీధిలో పరవడం మొదలుపెట్టాం. గొప్ప సేవ చేస్తున్నామనుకున్నాం. బాబాయిగారు సైకిలు వెనక రెండు కట్టల కాగితం కట్టుకొని వస్తూ దూరం నుంచే కేకేశారు.

"ఒరేయ్ ఒరేయ్, ఎండలో పెట్టబాకండ్రా! అప్పడాలనుకున్నారా?"

ఎండ తగిలితే అట్ట వంకర తిరుగుతుంది, కాగితం పెళుసెక్కుతుంది. పుస్తకం ఆరాల్సింది నీడలో, గాలికి. ఆయన తెచ్చిన కట్టలు ప్రెస్సులో మిగిలిన తెల్ల న్యూస్‌ప్రింటు ముక్కలు. ప్రతి పదిహేను ఇరవై ఆకులకూ ఒక ముక్క పెట్టాలి. అది నీళ్ళు పీల్చుకున్నాక తీసేసి పొడిది పెట్టాలి. తీసినవి దండెం మీద ఆరేసి మళ్ళీ వాడాలి. బొమ్మలున్న నున్నటి కాగితాలైతే ఆరక ముందే విడదీయాలి, ఆరితే అతుక్కుపోయి ఇక రావు. వాటికి ఆయనే కూర్చున్నారు. తాటాకు చీలికను రెండు పుటల మధ్యకు మెల్లగా పోనిస్తూ, ఊపిరి బిగబట్టి, ఒక్కో ఆకూ లేపారు. ఆ వేళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. ఆ నలుపులో ఒక్క చుక్కయినా బొమ్మల మీద పడలేదు.

ముప్పాతిక వంతు ఆరాక బరువు పెట్టాలన్నారు. ఊళ్ళో అంత బరువు ఎక్కడ? మమ్మల్ని ఇంటింటికీ తోలారు. ఒక్కో ఇంటి నుంచీ ఒక్కో సన్నికల్లు మోసుకొచ్చాం. పలకల మధ్య పుస్తకాలు, పైన సన్నికల్లు. వారం రోజులు ఊళ్ళో ఎవరింట్లోనూ పచ్చడి నూరలేదని ఆడవాళ్ళు మేలమాడారు. తరవాత మైదాపిండిలో మైలుతుత్తం కలిపి జిగురు ఉడికించి, కుట్లు ఊడినవాటికి కొత్త బైండింగు చేశారు. ఆ పని నెలలు పట్టింది. ఇప్పటికీ మన అరల్లో కొన్ని పాత పుస్తకాలు తెరిస్తే పుటల అంచున లేత గోధుమరంగు మరక అలలా కనిపిస్తుంది. అది ఆ రాత్రి వానే.

సన్నికల్లులన్నీ ఎవరివి వాళ్ళకు చేరాలి గదా. ప్రతి రాతి అడుగునా సుద్దముక్కతో ఇంటిపేరు రాయించి ఉంచారాయన, మొదటి రోజే.

ఇది కూడా కేసే

తుఫాను తరవాత పుస్తకాల వరస చెదిరిపోయింది. అంతవరకూ మన బీరువాల్లో పద్ధతంటూ ఉంటే అది పొడుగు పుస్తకాలు ఒక పక్క, పొట్టివి ఒక పక్క. ఆయన తెనాలిలో ఎవరినో అడిగి డ్యూయీ దశాంశ పద్ధతి తెలుసుకొచ్చారు. శాస్త్రాలు 500, సాహిత్యం 800, చరిత్ర 900. తెలుగు సాహిత్యం 894.827. ఆ అంకె విన్నప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూడాలి. "ఇది కూడా కేసేరా అబ్బాయ్! దేని గడి దానికుంది!"

పుస్తకం ఇవ్వడం కన్నా తిరిగి రప్పించడం కష్టమని గ్రంథాలయం నడిపినవాళ్ళందరికీ తెలుసు. యద్దనపూడి సులోచనారాణి నవలలకూ, తరవాత యండమూరి వీరేంద్రనాథ్ నవలలకూ మనదగ్గర పేర్లు రాసుకొని వరసలో ఉండేవారు. నెల దాటినా పుస్తకం రాకపోతే ఆదివారం పొద్దున సైకిలు ఆ ఇంటి ముందు ఆగేది. బాకీ మాట ఎత్తేవారు కాదు. జరిమానా మాట అసలే లేదు. "అమ్మాయ్, కథ ఎందాకా వచ్చింది?" అని అడిగేవారు. చదవకుండా అటక మీద పడేసినవాళ్ళు సిగ్గుపడి ఇచ్చేసేవారు. చదువుతున్నవాళ్ళు ఇంకో నాలుగు రోజులడిగేవారు. "చదువుకో తల్లీ. నీ వెనకాల ఆరుగురున్నారు, అది గుర్తుంచుకో చాలు."

ఆయనకు మొండితనం లేదని రాస్తే అబద్ధమవుతుంది. పోటీపరీక్షల పుస్తకాలు కొనాలని మేం తీర్మానిస్తే ఏడాది పాటు అడ్డుపడ్డారు. "అవి పుస్తకాలు కావు, నిచ్చెనలు. ఎక్కి దిగేసి పోతారు" అని వాదన. ఒకరోజు పొరుగూరి నుంచి ఒక అమ్మాయి నడిచొచ్చి గ్రూప్స్ పుస్తకం ఉందా అని అడిగింది. లేదంటే మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగింది. ఆ నడక ఆయన కిటికీలోంచి చాలాసేపు చూశారు. మరుసటి నెల తెనాలి నుంచి ఆ పుస్తకాల కట్ట స్వయంగా మోసుకొచ్చి, ద్వారం పక్కనే ఉన్న అరలో సర్దారు. నా ముఖం చూసి, "నిచ్చెనకీ ఒక గడుండాలి గదరా" అన్నారు. ఓటమి ఒప్పుకోవడం ఆయనకు అంతవరకే వచ్చు.

సీసం తూకం

తొంభైల మొదట్లో డీటీపీ, ఆఫ్‌సెట్ వచ్చేశాయి. ఆయన పనిచేసిన ప్రెస్సు టైపునంతా అమ్మేసింది. అక్షరాలుగా కొనేవాళ్ళు లేరు. సీసంగా కొన్నారు. కేసులు బోర్లించి గోతాల్లో పోసి కాటా మీదికెక్కించారట. ఆ రోజు గురించి ఆయన నాకు చెప్పింది ఒక్క ముక్కే: "అన్నీ కలిపేశార్రా."

వెళ్ళేముందు ఏం కావాలో తీసుకోమని యజమాని అన్నారు. ఒక స్టిక్కు, ఒక చిన్న కేసు, అందులోకి సరిపడా పద్దెనిమిది పాయింట్ల టైపు అడిగి తెచ్చుకున్నారు. రైలు దిగి కేసు నెత్తిన పెట్టుకొని నేరుగా ఇక్కడికే వచ్చారు. అప్పటి నుంచి అది కిటికీ పక్క బల్ల మీదే ఉంది.

రిటైరైన మనిషి పొద్దున ఏడింటికల్లా తలుపు తీసేవారు. పింఛను ఫారాలు నింపించుకొనేవాళ్ళు, రేషన్‌కార్డులో పేరు తప్పుపడినవాళ్ళు అరుగు మీద కూర్చొని ఉండేవారు. అర్జీ రాసి, మళ్ళీ చదివి వినిపించి, అప్పుడే సంతకం పెట్టించేవారు. "వినకుండా వేలుముద్ర వేయబాకు పెద్దమ్మా, నేను రాసినా సరే" అనేవారు.

వేసవి సెలవుల్లో పిల్లలు చేరేవారు. ఒక్కొక్కరికీ స్టిక్కు ఇచ్చి వాళ్ళ పేరు వాళ్ళనే కూర్చమనేవారు. స్టాంపు ప్యాడ్‌కు అద్ది కాగితం మీద నొక్కితే, చేతిలో తిరగబడి కనిపించిన పేరు కాగితం మీద సరిగ్గా పడేది. ఆ క్షణంలో ఆ పిల్లల కళ్ళు చూడడానికే నేను రోజూ వెళ్ళేవాణ్ణి. వాళ్ళే ఆయనకు 'అచ్చు తాత' అని పేరు పెట్టారు. అచ్చులు నేర్పే తాత, అచ్చుతప్పులు పట్టే తాత, రెండూ నిజమే. పేరు పడ్డాక ఒక్కో అక్షరం తుడిచి దాని గడిలో వేస్తేనే చేతిలో పల్లీ ఉండ పడేది. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే అది నోట్లోకి.

ఒక వేసవిలో పిల్లలందరినీ రైలెక్కించి భట్టిప్రోలు తీసుకుపోయాం. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ఆ స్తూపంలో ధాతువుల పేటికలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ లిపి దక్షిణాదిలో దొరికిన అతి ప్రాచీన లిపుల్లో ఒకటి. తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడేవారెవరైనా ఆ ఊరి దగ్గర ఆగవలసిందే. నేను ఈ సంగతులన్నీ పిల్లలకు చెబుతుంటే ఆయన ఇటుకల దిబ్బ వైపు చూస్తూ నిలబడ్డారు. చివరికి అన్నారు: "రాతి మీద చెక్కినవాడికి ప్రూఫు లేదు. ఎంత భయపడుతూ చెక్కాడో పాపం."

ఒత్తు కింద గీత

ఆయన పోయినప్పుడు సంతాపసభ ఈ గదిలోనే పెట్టాం. ఫ్లెక్సీ పని నాది. పక్క ఊరి షాపుకు ఫోనులో మాటలు చెప్పి, వచ్చింది వచ్చినట్టు కట్టించేశాను. ప్రూఫు చూడలేదు. ఆయన పక్కన నలభై ఏళ్ళు తిరిగినవాణ్ణి, ప్రూఫు చూడలేదు.

సభ మొదలయ్యే ముందు ముందు వరసలో గుసగుసలు. తలెత్తి చూశాను. పెద్ద అక్షరాల్లో 'శ్రద్దాంజలి'. ఒత్తు కింద ఉండాల్సిన గీత లేదు. నా కాళ్ళ కింద నేల కదిలింది.

ఇంతలో వెనక నుంచి ఒక అమ్మాయి లేచింది. ఒకప్పుడు ఇదే బల్ల దగ్గర తన పేరు కూర్చుకున్న పిల్లే, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. రిజిస్టరు పక్కనున్న డబ్బాలోంచి నల్ల మార్కర్ తీసింది. బెంచీ ఎక్కి, ఒత్తు కింద పొట్టిగా, నిలువుగా, అక్షరం మందానికి సరిపోయేలా గీత గీసింది. ఓసారి తల వెనక్కి పెట్టి చూసుకుంది. దిగి, మార్కర్‌కు మూత పెట్టి, తీసిన డబ్బాలోనే పెట్టేసి వెళ్ళి కూర్చుంది.

ఈ సంచిక ఆఫ్‌సెట్‌లో అచ్చవుతోంది. ప్రూఫు నేను మూడుసార్లు చూశాను. పేజీలు కట్టే అబ్బాయి ఈ వ్యాసం కింద మిగిలిన చోట ఏదైనా ప్రకటన వేద్దామన్నాడు. వద్దన్నాను. నాలుగు వేళ్ళ మేర తెల్లకాగితం అలాగే వదిలెయ్యమన్నాను.